ఫైబర్ తెప్పకు ఇన్‌కాయిస్ సమాచారం ఎంతవరకు అక్కరకొస్తుంది? నెల్లూరు, ప్రకాశం తీరం లెక్కలో ఒక సమీక్ష

సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం సంగతి చెప్పే ఆఫీసు ఇన్‌కాయిస్. హైదరాబాదు ప్రగతినగర్‌లో ఉంటుంది. 1999లో మొదలైంది, కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద నడుస్తోంది. చేపలు ఎటు దొరకొచ్చు, అల ఎంత ఎత్తు లేస్తుంది, గాలి ఎప్పుడు తిరుగుతుంది, నీళ్లు ఎటు లాగుతాయి అనే సంగతులు చెబుతుంది. పైసా కట్టక్కర్లేదు. వాళ్ల వెబ్‌సైట్‌లోనూ, ‘సముద్ర’ యాప్‌లోనూ దొరుకుతుంది, చేపల జాడ సూచనలు తెలుగులో కూడా ఇస్తారు.

దీన్ని ఇక్కడ తూచేది ఒక్క కొలతతోనే. మైపాడు, ఇస్కపల్లి, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం లాంటి చోట్ల ఇసుక మీది నుంచి నీళ్లలోకి నెట్టే ఫైబర్ తెప్ప ఉంది కదా, ఎనిమిది తొమ్మిది మీటర్ల పొడవు, పది హార్స్‌పవర్ ఇంజను, నలుగురైదుగురు మనుషులు, తెల్లవారుజామున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే వేట, ఆ తెప్పకు ఇది ఎంత పనికొస్తుంది అన్నదే ప్రశ్న. వారం పదిరోజులకు ఐసు, డీజిలు వేసుకుని పోయే మరబోట్ల లెక్క వేరు.

మార్కులు ముందే వేసేస్తాం. అల, గాలి సమాచారానికి ఐదుకు నాలుగున్నర. చేపల జాడకు మూడు. ఏటిమొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, ఒడ్డున అలలు విరిగే చోటు విషయంలో సున్నా. సున్నా అన్నామంటే తిట్టినట్టు కాదు, అది ఆ సేవ చెప్పగలిగిన సంగతి కాదు, అంతే. అక్కడ ఇప్పటికీ పల్లెపాలెం పెద్దవాళ్ల కన్నే దిక్కు.

చేపల జాడతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ యాప్ వేసుకునేది దానికోసమే. ఉపగ్రహం చూసేది రెండు సంగతులు: నీటి పైపొర వేడి, నీటిలోని పచ్చదనం. చల్లటి నీళ్లు, వెచ్చటి నీళ్లు ఒరుసుకునే చోట కంటికి ఆనని నాచు పెరుగుతుంది. దాన్ని తినే సన్న పురుగు చేరుతుంది. దానికోసం కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు, వాటి వెంట వంజరం, తూర వస్తాయి. పెద్దవాళ్లకు ఇదేం కొత్త కాదు. నీళ్ల రంగు మారే గీత, దాని పొడుగునా నురగ, కొట్టుకొచ్చిన చెత్త, పైన మునకలేసే పిట్టలు కనిపిస్తే వాళ్లు ఎప్పుడూ అక్కడే వల వదిలారు. ఉపగ్రహం చూసేది కూడా ఆ గీతనే. కాకపోతే తెప్పలో నిలబడ్డ సరంగు కంటికి నీళ్ల అంచు ఐదు కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోతుంది, పైనున్న దానికి బంగాళాఖాతం మొత్తం ఆనుతుంది.

అందుకే రొయ్యలకు, పీతలకు, అడుగున తిరిగే చేపలకు ఈ సూచన చూసి పోవడం దండగ. పైనీళ్లలో గుంపుగా తిరిగే చేపకే ఇది.

సూచనలో ఏముంటుంది? చేపల రేవు పేరు, అక్కడినుంచి దిక్కు, డిగ్రీలు, ఎన్ని కిలోమీటర్ల నుంచి ఎన్ని కిలోమీటర్ల దాకా, నీటి లోతు ఎంత నుంచి ఎంత దాకా, చివర అక్షాంశ రేఖాంశాలు. ఇక్కడ రెండు తప్పులు మళ్లీ మళ్లీ జరుగుతాయి. మొదటిది, మన ఊరి పేరు జాబితాలో లేకపోతే పక్క రేవు పేరు మీదున్న డిగ్రీలు, దూరం పట్టుకుని మన రేవు నుంచి పోవడం. పక్క రేవు ఎనిమిది కిలోమీటర్లు ఉత్తరాన ఉంటే మనం చేరే చోటు కూడా సరిగ్గా ఎనిమిది కిలోమీటర్లు దక్షిణానికి తప్పుతుంది. అలాంటప్పుడు డిగ్రీలు వదిలేసి అక్షాంశ రేఖాంశాలే జీపీఎస్‌లో వేసుకోవాలి.

రెండో తప్పు అక్కడే పొంచి ఉంటుంది. సూచనలో అంకెలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లుగా ఉంటాయి. చేతిలో పట్టుకునే జీపీఎస్ చాలావరకు డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలుగా పెట్టి ఉంటుంది. 14 డిగ్రీల 30 నిమిషాల 45 సెకన్లను చూసి 14 డిగ్రీల 30.45 అని కొట్టేస్తారు. 45 సెకన్లంటే నిమిషంలో ముప్పాతిక, అంటే 30.75 కొట్టాలి. ఒక నిమిషం అక్షాంశం 1.852 కిలోమీటర్లు కాబట్టి ఈ పొరపాటుకు తేడా 550 మీటర్లు పైచిలుకు. సెకన్లు 59 అయితే 700 మీటర్లు దాటుతుంది. చేపల గుంపుకు అరకిలోమీటరు లెక్క కాదు, దొరికితే దొరుకుతుంది. రాత్రి వదిలిన వల తెల్లారి వెతుక్కునేటప్పుడు, నీటి అడుగున వలలు చిరిగే రాళ్లు తప్పించుకునేటప్పుడు మాత్రం ఆ అరకిలోమీటరే కొంప ముంచుతుంది. సెకన్లను 60తో భాగించి కొట్టడం ఒక పద్ధతి. జీపీఎస్ సెట్టింగుల్లో చూపే తీరునే డిగ్రీ, నిమిషం, సెకనుగా మార్చేసుకోవడం ఇంకా మేలు. కానీ పాత గుర్తులు రాసుకున్న నోటుపుస్తకం ఏ తీరులో ఉందో ముందు చూసుకోవాలి, లేకపోతే కొత్తవి సరిపోయి పాతవి తప్పుతాయి.

ఇక డీజిలు. సూచన 44 కిలోమీటర్ల దూరం చూపిస్తోందనుకుందాం. ఆరు నాట్ల వేగమంటే గంటకు 11 కిలోమీటర్లు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. ఇంజను గంటకు మూడు లీటర్లు తాగితే 24 లీటర్లు దారికే. వల చుట్టూ తిరగడానికి, గాలి ఎదురైతే దానికి మూడోవంతు అదనం వేసుకుంటే 32 లీటర్లు. లీటరు వంద రూపాయలనుకున్నా మూడువేల పైన ఖర్చు పెట్టుకుని, ‘దొరకొచ్చు’ అన్న మాట నమ్ముకుని పోవాలి. నలుగురైదుగురి తెప్పకు ఇది చిన్న మాట కాదు. 20, 25 కిలోమీటర్ల లోపు చూపించిన రోజున పోవడం, అంతకు మించితే మామూలు చోటే వేసుకోవడం మా లెక్కలో తెలివైన పని. దూరం చూపించిన రోజుల్లో సూచనను పూర్తిగా పారేయక్కర్లేదు. గీత ఒడ్డు వైపు జరుగుతోందా, లోపలికి పోతోందా అని రెండు మూడు రోజుల సూచనలు వరసగా చూస్తే తెలుస్తుంది.

జరుగుతోందా అని ఎందుకు చూడాలంటే, గీత నిలకడగా ఉండదు. నీళ్లతో పాటు నడుస్తుంది. మన తీరం వెంబడి ఫిబ్రవరి, మార్చి నుంచి మే దాకా నీళ్లు బలంగా ఉత్తరానికి లాగుతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి లాగుతాయి, మధ్యలో వానాకాలం నెలల్లో ఒక తీరు ఉండదు. సగటున ఒక నాటు ప్రవాహం ఉంటే ఎనిమిది గంటల్లో నీళ్లు 15 కిలోమీటర్లు కదిలిపోతాయి. నిన్నటి సూచన పట్టుకుని ఈరోజు అదే అంకె మీదికి పోయి ‘ఇక్కడేం లేదే’ అని తిట్టుకునేవాళ్లు చాలామంది. మార్చిలో అయితే ఆ అంకెకు కాస్త ఉత్తరాన, నవంబరులో కాస్త దక్షిణాన వెతకాలి.

ఉపగ్రహానికి మబ్బు అడ్డమైతే ఏమీ కనిపించదు. తుపాను రోజుల్లో, ముసురు పట్టినప్పుడు సూచన రాదు, అప్పుడు పిట్టలు, నురగ గీతే ఆధారం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులు కూడా చేపల జాడ ఇవ్వరు. అది న్యాయమే.

ఒక చిక్కు మాత్రం ఎవరూ చెప్పరు. ఒకే సూచన అందరి ఫోన్లకూ వస్తుంది. ఒకే చోటికి ముప్పై తెప్పలు చేరితే వలలు వలలకు చుట్టుకుంటాయి, రేవుకు ఒకే చేప ఒకేసారి దిగి ధర పడిపోతుంది. సూచన చూపించిన గీత మధ్యలోకి కాకుండా దాని చివరలకు పోయేవాళ్లకు ఈ బాధ తక్కువ.

ఇప్పుడు ఈ సేవలో అసలు సరుకు: అల. అల ఎత్తు, దిక్కు, గాలి, ప్రవాహం మూడేసి గంటలకు ఒకసారి చొప్పున రాబోయే రోజులకు ముందే ఇస్తారు. దీన్ని చదవడం తెలిస్తే పదివేల రూపాయల పరికరం కంటే ఎక్కువ. చదవడం తెలియకపోతే మాత్రం ‘ఒకటిన్నర మీటరే కదా’ అని మోసపోతాం.

ఒకటిన్నర మీటరు అంటే ప్రతి అలా అంతే అని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడోవంతు అలల సగటు అది. అంటే మధ్యమధ్య రెండున్నర, మూడు మీటర్ల అల ఒకటి వస్తుందని ముందే లెక్కలో ఉన్నట్టు.

రెండోది, ఎత్తు పక్కనుండే సెకన్లు. చాలామంది చూడరు, మేమైతే ముందు అదే చూడమంటాం. అలకూ అలకూ మధ్య ఐదు, ఆరు, ఏడు సెకన్లుంటే అది దగ్గర్లోని గాలి లేపిన అల. 12 దాటిందంటే దూరం నుంచి వచ్చిన పొడవాటి అల. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన తుపాను గాలికి పుట్టి, రోజుకు వెయ్యి కిలోమీటర్ల పైన నడిచి, ఐదారు రోజులకు మన ఒడ్డుకు చేరుతుంది. ఇక్కడ ఆకు కదలదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, లోపల సముద్రం కూడా నున్నగానే ఉంటుంది. ఒడ్డుకు వచ్చేసరికి అడుగు తగిలి ఒళ్లు పెంచుకుని విరుగుతుంది. లోపల ఒకే మీటరు ఎత్తున్నా 16 సెకన్ల అల ఒడ్డున ఆరు సెకన్ల అల కంటే బాగా ఎత్తుగా, బరువుగా పడుతుంది. గాలి చూసి సముద్రం తీరు చెప్పే అలవాటున్న చోట ఇది పట్టుబడదు. ఇక్కడ ఉపగ్రహం, కంప్యూటరు పెద్దవాళ్ల కంటే ముందున్నాయని ఒప్పుకోవాలి.

దాన్ని ఒడ్డున సరిచూసుకునే పద్ధతి ఉంది. పెద్దవాళ్లు చేసేదే, ఫోన్ గడియారం తోడు. నీళ్లలో పాతిన కర్రనో, లంగరేసిన తెప్ప ముక్కునో గుర్తు పెట్టుకుని, ఒక అల శిఖరం దాన్ని తాకగానే సున్నా అని లెక్క మొదలుపెట్టి పది అలలు లెక్కపెట్టాలి. పట్టిన సెకన్లను పదితో భాగిస్తే చాలు. ఇంకో సంగతి: పొడవాటి అలలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి విరిగాక చాలాసేపు తెరపి ఇస్తాయి. ఆ తెరపి చూసి ‘పడిపోయింది, నెట్టండి’ అని తెప్పను దించితే, విరిగే చోటు దాటేలోపు తర్వాతి గుంపు ఎదురవుతుంది. ఇంజను ఇంకా అందుకోక, తెప్ప పక్కకు తిరిగి బోర్లా పడేది అప్పుడే. 12 సెకన్లకు మించి చూపించిన రోజు కనీసం పావుగంట నిలబడి చూసి, పెద్ద గుంపు ఒకటి పోయిన వెంటనే దించాలి. ఎక్కడ విరుగుతుందో కూడా లెక్క ఉంది: నీటి లోతు అల ఎత్తుకు ఒకటింపావు రెట్లకు తగ్గగానే అల విరుగుతుంది. ఒకటిన్నర మీటరు అల రెండు మీటర్ల లోతులో విరుగుతుంది. ఇసుక మేట ఎంత బయటికి ఉంటే అంత బయటే.

చిన్న పడవలకని ఇన్‌కాయిస్ ప్రత్యేకంగా ఇచ్చే భద్రతా సూచిక ఇంకొకటి ఉంది. ఏడు మీటర్ల లోపు వెడల్పున్న పడవలకు, ఎక్కడ ఎప్పుడు బోల్తా పడే ప్రమాదం ఎక్కువో పది రోజుల ముందు దాకా చూపిస్తుంది. అల ఎత్తు ఒక్కటే కాకుండా అల ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి అల ఎంత వేగంగా లేస్తోంది అన్నది కూడా కలిపి లెక్కేస్తుంది. ఇది మంచి ఆలోచన. తెప్పను తిప్పేసేది ఎత్తు కాదు, నిటారు. ఒకటిన్నర మీటరు అల ఐదు సెకన్లకు ఒకటి వస్తే, రెండు మీటర్ల అల పది సెకన్లకు ఒకటి వచ్చినదాని కంటే చెడ్డది. అలాగే ఈశాన్యం గాలి అల, దక్షిణపు పొడవాటి అల ఒకదాన్నొకటి కోసుకునే రోజుల్లో తెప్పకు ముక్కు ఎటు పెట్టాలో తెలియదు, ఆ సంగతి సూచిక పట్టుకుంటుంది. కాకపోతే ఏడు మీటర్ల వెడల్పు పడవకు, రెండు మీటర్ల వెడల్పైనా లేని మన తెప్పకు మధ్య చాలా దూరం ఉంది. కాబట్టి మధ్యరకం ప్రమాదం చూపిస్తే ఫైబర్ తెప్ప దాన్ని పెద్ద ప్రమాదంగానే తీసుకోవాలి.

హెచ్చరికల దగ్గరికొస్తే ఒక లోపం చెప్పుకోవాలి. ఎత్తైన అలల హెచ్చరిక తరచుగా ‘దుగరాజపట్నం నుంచి బారువ దాకా’ అని వస్తుంది. అంటే రాష్ట్రం దక్షిణ కొస నుంచి శ్రీకాకుళం దాకా ఒకే వాక్యం. అందరికీ వర్తించే మాటను ఎవరూ పట్టించుకోరు. హెచ్చరిక వచ్చిన రోజు వాక్యం దగ్గర ఆగిపోకుండా మన రేవు పక్క గడి తెరిచి మూడు గంటల అంకెలు చూడాలి. హెచ్చరికలో 17:30, 23:30 లాంటి వేళలే ఎందుకుంటాయని కొందరు తికమకపడతారు. లెక్కలు గ్రీన్‌విచ్ గడియారం మీద ఆరేసి గంటలకు నడుస్తాయి, మన టైముకు ఐదున్నర గంటలు కలుపుతారు, అందుకే ఎప్పుడూ అరగంట మీదే పడుతుంది. సరిగ్గా ఐదున్నరకే అల లేస్తుందని కాదు, ఆ చుట్టుపక్కల అని.

తుపాను మాత్రం ఇన్‌కాయిస్ పని కాదు, వాతావరణ శాఖది. కృష్ణపట్నం పోర్టులో ఎగరేసే నంబరు విని నిర్ణయం తీసుకోవడం పాత అలవాటు. ఒకటో నంబరంటే దూరంగా వాయుగుండం ఉంది, రేవుకు ఇప్పుడేం లేదని. రెండంటే దూరంగా తుపాను పుట్టిందని. మూడు అంటే రేవుకే ఈదురుగాలి ముప్పు. ఐదు నుంచి ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహాప్రమాదం, పదకొండు అంటే సమాచారమే తెగిపోయిందని. ఈ నంబర్లు రేవులో లంగరేసిన ఓడల కోసం పెట్టినవి. ‘ఒకటో నంబరే కదా’ అని వేటకు పోతే, రేవుకు దూరంగా ఉన్న ముప్పుకు మనమే ఎదురుపోయినట్టు అవుతుంది. తెప్పకు నంబరు కాదు, గాలి వేగం కావాలి. ‘గంటకు 35 నుంచి 45, అప్పుడప్పుడు 55 కిలోమీటర్ల ఈదురుగాలి’ అన్న మాట చాలు, తెప్ప ఇసుక మీదే ఉండాలి.

కార్తెల లెక్క ఇక్కడ ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం. విశాఖ కార్తెలో సముద్రాన్ని నమ్మొద్దంటారు. నిజమే. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటిన తుపాన్లు రెండూ విశాఖ కార్తెలోనివే. కానీ 2010లో లైలా బాపట్ల దగ్గర దాటింది మే 20న, కృత్తిక కార్తెలో. 2023లో మిచౌంగ్ అదే బాపట్ల దగ్గర డిసెంబరు 5న, జ్యేష్ఠ కార్తెలో. కార్తె ఏ కాలంలో జాగ్రత్తగా ఉండాలో చెబుతుంది, ఏ రోజు ఆగాలో చెప్పదు. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆ కాలపు అంచులు కూడా చెరిగిపోతున్నాయి కాబట్టి, విశాఖ కార్తెలో సూచన లేకున్నా భయపడాలి, మిగతా కార్తెల్లో సూచన ఉంటే భయపడాలి.

ఈ సేవను ఎలా వాడాలో మార్షల్ దీవుల వాళ్ల పాత పద్ధతి ఒకటి బాగా చెబుతుంది. పసిఫిక్‌లోని ఆ దీవుల్లో కొబ్బరి ఈనెలు కట్టి, దీవులున్న చోట గవ్వలు పెట్టి పటాలు చేసేవారు. ఈనెల వంపులు అలలు దీవిని తాకి ఎలా మళ్లుతాయో చూపిస్తాయి. ఆ పటాన్ని పడవలో తీసుకుపోయేవాళ్లు కాదు. ఒడ్డున కూర్చుని నేర్చుకుని, సముద్రంలో పడవ అడుగు ఊగే తీరును ఒంటితో పసిగట్టి అలను గుర్తుపట్టేవారు. 1976లో మైక్రొనేసియాలోని సతావల్ దీవికి చెందిన మౌ పియైలుగ్ హోకులేయా అనే జంట పడవను దిక్సూచి అయినా లేకుండా హవాయి నుంచి తాహితీ దాకా నడిపించింది కూడా నక్షత్రాలు, అలలు చదివే ఇలాంటి విద్యతోనే. ఫోన్‌లోని అల అంకెలను అలాగే వాడాలి. ఒడ్డునే చదివి, రేపు ఎన్ని గంటలకు గాలి ఏ దిక్కుకు తిరగాలో, పొడవాటి అల ఎటునుంచి రావాలో మనసులో పెట్టుకుని పోవాలి. లోపల తడి వేళ్లకు తెర పలకదు, తీరం నుంచి పది పదిహేను కిలోమీటర్లు దాటితే సిగ్నల్ కూడా ఉండదు. చెప్పిన వేళకు గాలి తిరగకపోయినా, చెప్పని దిక్కు నుంచి అల వచ్చినా వెంటనే వల ఎత్తి తిరగాలి. సూచన తప్పిందన్న సంగతి కూడా ఒక సూచనే కదా.

అక్కడ ఉండగా ప్రవాహం కొలవాలంటే యాప్ అక్కర్లేదు. లంగరేసి, సగం నీళ్లు పోసిన సీసాను ముక్కు దగ్గర వదిలి, వెనక అంచు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ఎనిమిదిన్నర మీటర్ల తెప్పను 17 సెకన్లలో దాటితే సెకనుకు అర మీటరు, అంటే దగ్గర దగ్గర ఒక నాటు. సూచనలో ప్రవాహం సెంటీమీటర్లలో ఉంటుంది, 50 అంటే ఇదే. తూర్పుకు ఆరు నాట్లతో పోతూ ఉత్తరానికి ఒక నాటు లాగుతుంటే ముక్కు పది డిగ్రీలు దక్షిణానికి పెట్టాలి. పెట్టకపోతే నాలుగు గంటలకు ఏడు కిలోమీటర్ల పైన ఉత్తరానికి కొట్టుకుపోతాం, తిరుగు ప్రయాణంలో అదే తప్పు చేస్తే ఇంకో ఏడు కిలోమీటర్లు.

సున్నా మార్కులు వేసిన చోటు గురించి. పెన్న అయినా, గుండ్లకమ్మ అయినా ఏటిమొగ ఏడాదికోసారి ఒళ్లు మార్చుకుంటుంది. ఇసుక మేట ఎటు పెరిగిందో, దారి ఎక్కడ లోతుగా ఉందో ఏ ఉపగ్రహ సూచనా చెప్పదు. అన్నిటికంటే చెడ్డ వేళ పాటు వేళ: మొగలోంచి నీళ్లు బయటికి లాగుతుంటే ఎదురొచ్చే అల పొట్టిగా, నిటారుగా నిలబడి విరుగుతుంది. అమావాస్య, పౌర్ణమికి ఇది ఎక్కువ, అష్టమికి తక్కువ. పెన్న మీది సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తారంటే పోటు వేళ కూడా నీళ్లు బయటికే లాగుతాయి. అంటే యాప్‌లో అల మీటరే చూపిస్తున్నా పెన్న మొగ దాటకూడని రోజులుంటాయి. ‘ఏం మామా, మొగ ఎట్టుంది?’ అని ముందు దాటొచ్చిన తెప్పను అడగడం కంటే నమ్మకమైన సమాచారం దీనికి లేదు.

ఈ లోపం పూడ్చే దారి లేకపోలేదు. వనౌటు, సమోవా, నియూ, సొలొమన్ దీవుల వాతావరణ శాఖలు ఊళ్లలోని పాత గుర్తులను, చెట్టు పూసే కాలం, పిట్ట వచ్చే కాలం లాంటివి, రాసిపెట్టి తమ సమాచారానికి పక్కన చూసుకుంటున్నాయి. మన యాప్‌లో రేవు రేవుకు ఒక గడి పెట్టి, మొగ ఎటు జరిగింది, మేట ఎంత లోతులో ఉంది, నీళ్ల గీత ఎక్కడ కనిపించింది అని సరంగులే రాసే వీలిస్తే చిన్న తెప్పలకు ఈ సేవ విలువ రెట్టింపవుతుంది.

పరికరాల గురించి క్లుప్తంగా. ఫోన్‌లోని జీపీఎస్‌కు సిగ్నల్ అక్కర్లేదు, మ్యాపును ఒడ్డునే దించుకుంటే లోపల కూడా చోటు చూపిస్తుంది. నీళ్లు చొరని సంచీ, పవర్ బ్యాంకు తప్పనిసరి. 2019లో వచ్చిన జెమిని పరికరం మన దేశపు గగన్ ఉపగ్రహ వ్యవస్థ నుంచి సమాచారం తీసుకుని బ్లూటూత్‌తో ఫోన్‌కు ఇస్తుంది, సిగ్నల్ లేని చోటా హెచ్చరిక అందుతుంది. అది వినడమే తప్ప మాట్లాడలేదు, ఆపదలో దాన్నుంచి కబురు పంపలేం. కబురు పంపే వీలున్నది ఇస్రో ఉపగ్రహంతో పనిచేసే నభ్‌మిత్ర ట్రాన్స్‌పాండరు. ఇచ్చేవాళ్లుంటే అదే తీసుకోవాలి. సిగ్నల్ ఉన్న దూరంలోనైతే కోస్ట్ గార్డు నంబరు 1554.

రేవులో బోర్డుంటే దానిమీద సాయంత్రం రాయాల్సింది ఐదే ముక్కలు: తేదీ, అల ఎత్తు, సెకన్లు, గాలి తిరిగే వేళ, ప్రవాహం దిక్కు. చేపల జాడ ఎలాగూ ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకుంటారు.

నిషేధం 61 రోజుల్లో తెప్ప ఇసుక మీదే ఉంటుంది కాబట్టి దిక్సూచి సరిచూసుకోవడానికి అదే అదును. నెల్లూరు తీరంలో ధ్రువ నక్షత్రం ఉత్తరాన నీళ్ల అంచుకు 14 డిగ్రీల పైన, అంటే చేయి బారచాచి చూస్తే పిడికిలిన్నర ఎత్తున ఉంటుంది. రాత్రి తెప్ప ముక్కును దాని వైపు తిప్పి, వేటకు పోయేటప్పుడు ఏ వస్తువు ఎక్కడుంటుందో అక్కడే పెట్టి, ఇంజను కాసేపు నడిపి దిక్సూచి చూడాలి. మన దగ్గర నిజమైన ఉత్తరానికీ, ముల్లు చూపే ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే, లెక్కలోకి రాదు. ఐదు డిగ్రీలు తేడా కనిపిస్తే 44 కిలోమీటర్ల దూరానికి దాదాపు నాలుగు కిలోమీటర్లు పక్కకు పోతాం. దిక్సూచి పక్కనున్న స్పీకరు, ఇనప పెట్టె, బ్యాటరీ ఒక్కొక్కటీ తీసి మళ్లీ మళ్లీ చూస్తే ఏది ముల్లును లాగుతోందో బయటపడుతుంది.